దారి చూపిన ఇద్దరు

బాటసారి మైలురాతిని చదువును గాని, దానిపై అక్షరములు మలచినవాడెవడని అడుగడు. ఊరి పేరు తెలిసినది, దూరము తెలిసినది. అంతటితో రాతితో పని తీరినది. ప్రాచీన శాసనములను చదువునపుడును మన చూపు రాజు పేరుమీదను, దానమిచ్చిన భూమిమీదను నిలుచును. చెక్కిన శిల్పి పేరు ఉన్నచో చివర ఎక్కడనో ఒక మూల ఉండును. కాని ఆ అక్షరము తేటగా లేకపోయినచో రాజాజ్ఞ ఎంత ఘనమైనదైనను ప్రజకు చేరదు.

ఇరువదవ శతాబ్ది నడుమ ఇంగ్లండులో ఇట్టి మూలనుండు పనిని చేపట్టిన చిన్న కార్యశాల ఒకటి ఉండెను. అందు ముఖ్యులు ఇద్దరు: జాక్ కినీర్, మార్గరెట్ కాల్వెర్ట్. ఒకరు గురువు, మరియొకరు శిష్యురాలు. సంస్థల పేర్లకు, పలకలకు, గుర్తులకు రూపము కల్పించుట వారి వృత్తి. దానినే నేడు గ్రాఫిక్ డిజైను అనుచున్నారు. ఒక దేశపు రోడ్లన్నియు ఒకే భాష మాట్లాడునట్లు చేసినవారు వీరు. ఆ పని ఎట్లు జరిగినది, దానికై ఎంత వాదము నడచినది, చివరకు గెలిచినది ఏది అనునదే ఈ ప్రసంగ విషయము.

కినీర్ 1917వ సంవత్సరమున ఆల్డర్‌షాట్ పట్టణమున జన్మించెను. లండనులోని చెల్సీ కళాశాలలో రేకులపై బొమ్మలు చెక్కు విద్యను అభ్యసించెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట ప్రభుత్వ సమాచార కార్యాలయమున ప్రదర్శనములకు రూపకల్పన చేసెను. అటుపై డిజైన్ రీసెర్చ్ యూనిట్ అను సంస్థలో కొన్ని యేండ్లు పనిచేసి, 1956లో లండను నైట్స్‌బ్రిడ్జి ప్రాంతమున స్వంత కార్యశాల తెరచెను. అదే కాలమున తాను చదివిన కళాశాలలోనే కొన్ని గంటలు పాఠములు చెప్పుచుండెను.

ఆ కార్యశాలకు వచ్చిన మొదటి పెద్ద పని గాట్విక్ విమానాశ్రయపు సూచిక పలకలు. ఆ విమానాశ్రయమును నిర్మించుచున్న వాస్తుశిల్పులలో ఒకనితో, బస్సుకొరకు నిలుచున్న చోట జరిగిన సంభాషణము వలన ఈ పని లభించినదని చెప్పుదురు. పని పెద్దది, చేతులు రెండే. 1957లో కినీర్ తన విద్యార్థినులలో ఒకతెను సహాయమునకు పిలిచెను. ఆమెయే మార్గరెట్ కాల్వెర్ట్. ఆమె 1936లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరమున పుట్టినది. చెఱకుతోటల పనికై సముద్రము దాటిన మన తెలుగువారు అనేకులు స్థిరపడిన నగరము గనుక డర్బన్ మనకు పరాయి పేరు కాదు. 1950లో ఆమె ఇంగ్లండు చేరి, తరువాత చెల్సీ కళాశాలలో చిత్రకళ నేర్చుచుండెను. గురువు పిలుపు వచ్చునాటికి ఆమె వయస్సు ఇరువది యొక సంవత్సరములు.

విమానాశ్రయపు పని వారికి ఒక పాఠము నేర్పినది. గోడమీద వ్రాత అందముగా నున్నదా లేదా అని ప్రయాణికుడు చూడడు. చేతిలో పెట్టె, ప్రక్కన పిల్లలు, మనస్సున ఆలస్యమగునేమోనన్న ఆందోళన. అట్టివానికి కావలసినది ఒక్కటే: ఎటు పోవలెను? ఈ ప్రశ్నకు అతడు నడక ఆపకుండనే సమాధానము దొరకవలెను. పలక తనను చూచి మెచ్చుకొమ్మని అడుగరాదు. దారి చెప్పి తప్పుకొనవలెను.

ఇంతలో పీ అండ్ ఓ ఓరియంట్ ఓడల సంస్థవారు ప్రయాణికుల పెట్టెలకు అంటించు చీటీల పనిని కినీర్‌కు అప్పగించిరి. ఏ పెట్టె ఎక్కడికి పోవలెనో చూచినంతనే తెలియునట్లు చీటీలు ఉండవలెను. పని చిన్నదే గాని ఫలము పెద్దదైనది. ఆ ఓడల సంస్థకు అధిపతి సర్ కాలిన్ ఆండర్సన్. 1957లో బ్రిటిషు ప్రభుత్వము కొత్తగా వేయనున్న మోటారు రహదారులకు ఎట్టి సూచిక పలకలు ఉండవలెనో నిర్ణయించుటకు ఒక సంఘమును నియమించి, దానికి ఆండర్సన్‌ను అధ్యక్షుని చేసెను. పెట్టెల చీటీలు చేసిన మనిషి ఆండర్సన్‌కు జ్ఞాపకమున్నాడు. రహదారుల పలకలకు రూపశిల్పిగా కినీర్ నియమితుడయ్యెను.

ఆ పని ఎంత కఠినమైనదో కొంచెము లెక్క వేసినచో తెలియును. గంటకు 60 మైళ్ళ వేగమున పోవు కారు ఒక్క సెకండులో 88 అడుగులు దాటును. పలకను చదువుటకు మూడు సెకండ్లు పట్టినచో కారు 264 అడుగులు ముందుకు పోయియుండును. ఆ కొద్ది వ్యవధిలో చదువవలెను, అర్థము చేసికొనవలెను, నిశ్చయించుకొనవలెను, వెనుక వచ్చు బండికి అడ్డము రాకుండ ప్రక్కకు తిరుగవలెను. పాత రోడ్లమీద చదువ వీలులేని పలక ఎదురైనచో బండి ఆపి దిగి చూచుకొనవచ్చును. మోటారు రహదారిమీద నడుమ ఆగుట ప్రాణాపాయము. కావున ఇచట అక్షరము అలంకారము కాదు, ప్రాణరక్షణ సాధనము.

కినీర్, కాల్వెర్ట్ మొదట తమను తామే ఒక ప్రశ్న వేసికొనిరి: వేగముగా పోవువానికి ఏమి తెలియవలెను, ఏ వరుసలో తెలియవలెను? పూర్వము పలక పరిమాణము ముందుగా నిర్ణయించి, అందులో అక్షరములను ఇరికించుచుండిరి. వీరు ఆ పద్ధతిని తలక్రిందులు చేసిరి. ఎంత దూరమునుండి చదువవలెనో దానినిబట్టి అక్షరపు ఎత్తు, చెప్పవలసిన మాటలనుబట్టి పలక పరిమాణము. కూడలి వచ్చుచోట, పైనుండి చూచినచో రోడ్డు ఎట్లు కనబడునో అట్లే గీతలు గీసి ఊళ్ళ పేర్లు వ్రాసిరి. పలక ఒక చిన్న పటమైనది.

అక్షరముల విషయమున వారు చేసిన నిర్ణయమే తరువాతి వాదమునకు బీజమైనది. ఇంగ్లీషు నేర్చుకొన్నవారందరు పెద్దబడి, చిన్నబడి అక్షరములను ఎఱుగుదురు. అంతవరకు ఇంగ్లండులో రోడ్డు పలకలన్నియు పెద్దబడిలోనే ఉండెను. పెద్దబడి అక్షరములన్నియు ఒకే ఎత్తున నుండుటచే మాట ఇటుకల వరుసవలె కనబడును. చిన్నబడిలో కొన్ని గీతలు పైకి లేచును, కొన్ని క్రిందికి దిగును. కావున ప్రతి మాటకును తనదైన ఆకారము ఏర్పడును. ఊరి పేరులోని అక్షరములను ఒక్కొక్కటిగా కూర్చుకొనక ముందే చదువరి ఆ ఆకారమును గుర్తించునని కినీర్ విశ్వాసము. మన లిపిలో బడుల భేదము లేకపోయినను ఈ మాట మనకు సులభముగా బోధపడును. గుడి పైకి లేచి, ఒత్తు క్రిందికి దిగి, తెలుగు మాట తనంతట తానే ఒక ఆకారము దాల్చును. చదువుట యను క్రియను పరిశోధించిన నేటి పండితులు మాట ఆకారముకంటె విడి అక్షరములకే ఎక్కువ ప్రాధాన్యమిచ్చుచున్నారు. అయినను నాటికి కినీర్ వాదము బలమైనదే.

అచ్చుశాలలలో వాడుకలోనున్న అక్జిడెన్జ్ గ్రోటెస్క్ అను జర్మను అక్షరరూపమును ఆధారముగా గొని వారు కొత్త అక్షరములను గీచిరి. అందు ప్రతి వంపునకు ఒక కారణము కలదు. చిన్నబడి ‘ఎల్’ అక్షరము, పెద్దబడి ‘ఐ’ అక్షరము, ఒకటి అంకె, ఈ మూడును నిలువు గీతలే గనుక దూరమునుండి ఒకదానివలె ఒకటి కనబడును. అందుచే ‘ఎల్’ అడుగున చిన్న వంపు పెట్టిరి. రాత్రి దీపపు వెలుగు పడినపుడు ముదురు రంగుమీది తెల్లని గీత తన వెడల్పుకంటె లావుగా తోచును. అందుచే ముదురు రంగుమీది తెల్ల అక్షరములకు సన్నని గీతను, తెలుపుమీది నల్ల అక్షరములకు లావుపాటి గీతను ఏర్పరచిరి. ఈ అక్షరరూపమునకే ట్రాన్స్‌పోర్ట్ అని పేరు వచ్చినది. గీచినవాటిని బల్లమీద చూచి తృప్తిపడలేదు. నమూనా పలకలను భూగర్భమున కార్లు నిలుపు చోటను, హైడ్ పార్కులో చెట్లకు ఆనించియు దూరమునుండి పరీక్షించిరి.

1958 డిసెంబరు 5న లాంకషైరులో ప్రెస్టన్ పట్టణము ప్రక్కగా వేసిన రోడ్డును ప్రధాని మాక్మిలన్ ప్రారంభించెను. బ్రిటనులో మొదటి మోటారు రహదారి అదియే. నీలపు నేలమీద తెల్లని అక్షరములతో కొత్త పలకలు అక్కడ నిలిచినవి. మరుసటి యేడు లండనునుండి ఉత్తరమునకు పోవు పెద్ద రహదారికిని ఆ పలకలే వచ్చినవి.

అప్పుడు తుపాను రేగినది. కేంబ్రిడ్జి సమీపమున డేవిడ్ కిండర్స్‌లీ అను శిల్పి ఉండెను. ప్రసిద్ధ అక్షరశిల్పి ఎరిక్ గిల్ వద్ద శిష్యరికము చేసి, రాతిపై అక్షరములు చెక్కుటలో చేయితిరిగినవాడు. కొత్త పలకలు అనవసరముగా పెద్దవనియు, చూచుటకు మోటుగా నున్నవనియు అతని అభ్యంతరము. కొసలయందు చిన్న గీతలుగల పెద్దబడి అక్షరములను సరియైన ఎడముతో వ్రాసినచో తక్కువ చోటులోనే ఎక్కువ దూరమునుండి చదువవచ్చునని అతడు వాదించి, అట్టి అక్షరములను స్వయముగా గీచి చూపెను. పత్రికలలో లేఖలు వెలువడినవి. ఒక ప్రక్క శతాబ్దముల శిలాలేఖన సంప్రదాయము; మరియొక ప్రక్క యంత్రవేగమునకు పుట్టిన కొత్త విద్య.

తగవు తీర్చుటకు ప్రభుత్వ రోడ్డు పరిశోధనశాలవారు పూనుకొనిరి. ఆక్స్‌ఫర్డ్‌షైరులోని బెన్సన్ విమాన స్థావరమున వైమానిక దళపువారిని వేదికపై కూర్చుండబెట్టి, కారు పైకప్పున పలకలను అమర్చి వారివైపు నడిపిరి. పలకమీది మాట ఎంత దూరమున చదువగలిగిరో కొలిచిరి. ఫలితము చిత్రమైనది. కిండర్స్‌లీ అక్షరములే ఏ కొంచెమో ముందు చదువబడినవి. కాని ఆ తేడా లెక్కింపదగినంత పెద్దది కాదని పరిశోధకులు తేల్చిరి. కొలబద్ద ఎవరిని గెలిపింపలేదు గనుక, కంటికి ఏది మేలో చూచి నిర్ణయింపవలసివచ్చినది. కినీర్, కాల్వెర్ట్‌ల అక్షరములు నిలిచినవి.

ఈ ఘట్టమును కొందరు కొత్తదానికి లభించిన సంపూర్ణ విజయముగా చెప్పుదురు. అది న్యాయము కాదు. కిండర్స్‌లీ తన విద్యలో అసత్యమేమియు చెప్పలేదు. అయితే అతడు మంచి అక్షరమును తెచ్చెను. వీరు అక్షరముతోపాటు రంగు, ఎడము, పటము, దూరము అన్నియు కలిసిన ఒక ఏర్పాటును తెచ్చిరి. ఈ భేదము తరువాతి పనిలో మరింత స్పష్టమైనది.

మోటారు రహదారులు బాగుపడినవి గాని, మిగిలిన రోడ్లమాట ఏమి? అక్కడ పలకలు ఏనాటివో, ఎవరివో తెలియదు. ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క తీరు. మాటలెక్కువ, క్రమము తక్కువ. హెర్బర్ట్ స్పెన్సర్ అను ముద్రణకళా నిపుణుడు ఉండెను. మనము వినియున్న తత్త్వవేత్త కాడు, అదే పేరుగల వేరొకడు. అతడు లండను నడిబొడ్డునుండి విమానాశ్రయమువరకు దారి పొడవున కనబడిన పలకలను ఛాయాచిత్రములు తీసి 1961లో తన పత్రికలో ప్రకటించెను. ఆ గందరగోళమును చూచినవారికి వేరు వ్యాఖ్యానము అక్కరలేకపోయినది. అదే సంవత్సరమున ప్రభుత్వము సర్ వాల్టర్ వర్‌బాయిస్ అధ్యక్షతన మరియొక సంఘమును నియమించెను. రూపకల్పన తిరిగి ఆ చిన్న కార్యశాలకే వచ్చినది. సంఘము 1963లో నివేదిక సమర్పించినది. 1965 జనవరి 1 నుండి కొత్త పలకలు చట్టబద్ధమైనవి.

ఐరోపా దేశములు అంతకుముందే ఒప్పుకొనిన పద్ధతిని అనుసరించి ముక్కోణము హెచ్చరికకు, వలయము ఆజ్ఞకు, దీర్ఘచతురస్రము సమాచారమునకు అని ఏర్పాటు. మన దేశపు రోడ్లమీదను ఎఱ్ఱని అంచుగల ముక్కోణము జాగ్రత్త యనియు, వలయము ఆజ్ఞ యనియు చెప్పుచున్నది గదా! ఆకారము చూచినంతనే సగము సంగతి తెలియును. మిగిలిన సగము లోపలి బొమ్మ చెప్పవలెను. ఆ బొమ్మలలో ఎక్కువ భాగము కాల్వెర్ట్ గీచినవి.

వానిలో ఒకటి ప్రత్యేకముగా చెప్పదగినది. బడి సమీపమున ఉంచు పాత పలకపై టోపీ పెట్టుకొన్న పెద్ద పిల్లవాడు ఒక బాలికను నడిపించుకొని పోవుచుండును. అది గొప్పవారి పిల్లలు చదువు బడివలె నున్నదని కాల్వెర్ట్‌కు తోచినది. ఆమె తన చిన్ననాటి ఛాయాచిత్రమును ఆధారముగా గొని బొమ్మను మార్చినది. కొత్త పలకలో బాలికయే ముందు నడచును. చిన్న తమ్మునివంటి బాలుడు ఆమె చేయి పట్టుకొని వెంబడించును. అక్క తమ్ముని బడికి తీసికొనిపోవు దృశ్యము మన ఊళ్ళలో దినదినము చూచునదే. కోట్లమంది చూచిన ఆ బాలిక ఆమెయే యని చాలకాలము ఎవరికిని తెలియదు. పశువులు దాటు చోట ఉంచు పలకలోని ఆవునకును ఒక మూలము కలదు. వార్విక్‌షైరులో ఆమె బంధువుల కమతమున పేషెన్స్ అను పేరుగల ఆవు ఉండెను. పేషెన్స్ అనగా ఓర్పు. ఆ ఓర్పుగల ఆవే దేశమంతట రోడ్డు ప్రక్కన నిలిచినది. అన్ని బొమ్మలును ఇంత చక్కగా కుదిరినవని అనరాదు. మట్టి తవ్వుచున్న కూలివాని బొమ్మను చూచి, అతడు గొడుగు తెరచుటకు తంటాలు పడుచున్నాడని జనులు నేటికిని నవ్వుకొనుచుందురు.

పలకలు వేలకు వేలు కావలెను. వానిని చేయువారు ఊరూర వేరువేరు పనివారు. అందరి చేతను ఒకే తీరున చేయించుట ఎట్లు? దీనికి ఆ కార్యశాలవారు కనిపెట్టిన ఉపాయము మన అచ్చుకూటములలో సీసపు అక్షరములు కూర్చిన కంపోజిటర్లకు వెంటనే బోధపడును. ప్రతి అక్షరమును ఒక బిళ్ళమీద నుంచిరి. అక్షరమునకు ఇరువైపుల ఉండవలసిన ఎడము ఆ బిళ్ళలోనే ఇమిడియుండును. బిళ్ళలను ప్రక్కప్రక్కన పేర్చినచో మాట సరియైన ఎడముతో తయారగును. పెద్దబడి ‘ఐ’ అక్షరపు గీత వెడల్పే తక్కిన కొలతలకు మూలప్రమాణము. మారుమూల పట్టణములోని పనివాడు కళాకారుడు కానక్కరలేదు. బిళ్ళలు పేర్చగలిగినచో చాలును. వీరి అసలు సృష్టి ఈ క్రమమే. ఎవరు చేసినను చెడకుండ, ఎక్కడ చూచినను మారకుండ ఉండు క్రమమువలననే క్రొత్తచోటికి పోవు మనిషి పలకను నమ్మగలుగును.

1964లో కార్యశాల పేరు మారినది. కినీర్ కాల్వెర్ట్ అండ్ అసోసియేట్స్ అని శిష్యురాలి పేరు గురువు పేరు ప్రక్కన చేరినది. శిష్యుల పని గురువుల పేరుమీద చెల్లిపోవుట ఏ కళలోనైనను అరుదు కాదు. స్త్రీల పని మరుగునపడుట అంతకంటె సామాన్యము. కినీర్ ఆమెను భాగస్వామినిగా చేర్చుకొనుట అతని ఔచిత్యమునకు నిదర్శనము.

ఆసుపత్రులకై వారు మరియొక అక్షరరూపమును సిద్ధము చేసిరి. 1965లో బ్రిటిషు రైల్వేలు తమ సంస్థకంతకు కొత్త ముఖము కల్పించుకొన్నపుడు దానినే స్వీకరించినవి. అది రైల్ ఆల్ఫబెట్ అను పేరుతో ప్రసిద్ధమైనది. రైల్వేల ప్రధాన చిహ్నమైన జంట బాణముల గుర్తును గీచినది, కినీర్ పూర్వము పనిచేసిన డిజైన్ రీసెర్చ్ యూనిట్‌లోని జెరాల్డ్ బార్నీ. గుర్తు ఒకరిది, అక్షరములు వేరొకరివి. ప్రయాణికునికి మాత్రము సంస్థ ఒక్కటిగా కనబడినది. బ్రిటిషు రైల్వేలు 1990ల దశకమున ప్రైవేటు కంపెనీలకు పంచబడినను, జంట బాణముల గుర్తు స్టేషనులవద్ద నేటికిని నిలిచియున్నది.

కినీర్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఆచార్యకత్వము వహించి, కట్టడములపై వ్రాతలను గూర్చి 1980లో ఒక గ్రంథమును ప్రకటించి, 1994లో మరణించెను. కాల్వెర్ట్ కూడ అదే కళాశాలలో బోధించి, తన శాఖకు అధిపతియైనది. ఉత్తర ఇంగ్లండులో 1980లో ప్రారంభమైన టైన్ అండ్ వేర్ మెట్రో రైళ్ళకు ఆమె గీచిన అక్షరములకు ఆమె పేరే పెట్టిరి. రోడ్ల అక్షరములను హెన్రిక్ కూబెల్ అను రూపశిల్పితో కలసి సంస్కరింపగా, 2012 నుండి బ్రిటిషు ప్రభుత్వపు అంతర్జాల పుటలు ఆ రూపముననే వెలువడుచున్నవి. 2016లో ఆమెకు ప్రభుత్వ గౌరవము లభించినది. 2020లో లండను డిజైన్ మ్యూజియమువారు ఆమె కృషిని గూర్చి ప్రదర్శనము ఏర్పాటుచేసి, దానికి ‘పనిలోనున్న స్త్రీ’ అను అర్థమిచ్చు పేరుంచిరి. అది గొడుగు మనిషి పలకకు అందరును వాడు ‘పనిలోనున్న మనుష్యులు’ అను పేరుపై చమత్కారము.

ఓడిన కిండర్స్‌లీ కథకును మంచి ముగింపే కలిగినది. అతని అక్షరములను ఇంగ్లండులో అనేక పురములు వీధుల పేర్ల పలకలకు స్వీకరించినవి. వీధి మలుపున నిలిచి తీరికగా పేరు చదువుకొను పాదచారికి ఆ కొసగీతల అందము తగియున్నది. వేగముగా పోవువానికి వీరి అక్షరము, నడచిపోవువానికి అతని అక్షరము. ఏ చదువరికి ఏది తగునో కాలమే తీర్పు చెప్పినది.

మన రోడ్లమీదను పలకలు పెరుగుచున్నవి, వేగము పెరుగుచున్నది. తెలుగు ఊరి పేరు ఎంత దూరమునుండి తెలియుచున్నది, ఒత్తులు ఇరుకున పడి కలిసిపోవుచున్నవా, రాత్రి దీపపు వెలుగులో గుడికి గుడిదీర్ఘమునకు భేదము కనబడుచున్నదా అను ప్రశ్నలు కొలిచి చూడదగినవే. ఆ పనికి పెద్ద భవనము అక్కరలేదు. పలకను చెట్టుకు ఆనించి, దూరముగా నడచి వెనుదిరిగి చూచు ఓపిక కావలెను. ఎదుటివానికి ఏమి కావలెనో ముందుగా అడుగు వినయము కావలెను. ఈసారి ప్రయాణములో బడి పిల్లల బొమ్మ ఎదురైనపుడు, ఎక్కడనో దూరదేశమున తమ్ముని చేయి పట్టుకొని నడిపించిన ఆ బాలికను ఒక్క నిమిషము తలచుకొందము; బండి వేగము తగ్గించుకొందము. ఆమె కోరినదియు అంతియే.